బయటినుంచి ఎవరో

బడి వెబ్‌సైటు బడిలోని కంప్యూటర్లలో తప్ప ఇంకెక్కడా తెరుచుకోకుండా కంప్యూటర్ మాస్టారు కట్టడి చేసిన మధ్యాహ్నం, హెడ్‌మిస్ట్రెస్ ఆయన కుర్చీ వెనకే నిలబడి ఉంది.

"పిల్లలు పాడిన పద్యాల పేజీ రోజూ ఇదే వేళకి బయటినుంచి తెరుస్తున్నదెవరో తేలాల్సిందే మాస్టారూ. ఎవడి కన్ను పడిందో ఏమో. పోలీసులకు చెబుదాం."

"ఇక ఎవరికీ రాదు మేడమ్. ఇప్పుడే ఆపేశాను."

ఫోను మోగింది. భార్య. బడి వేళలో ఆమె ఎన్నడూ చేయదు.

"ఏమండీ, మీ బడి వెబ్‌సైటు పాడైందా?"

"నీకెందుకది?"

"మన అమ్మడి పద్యం రావట్లేదు. అన్నం ముందు కూచున్నాను. దాని గొంతు వింటే గానీ నాకు ముద్ద దిగదు."

మాస్టారి చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది. కూతురు పోయినప్పుడు కూడా భార్య కంటతడి పెట్టలేదని, ఎంత రాతిగుండె అని, ఏడాదిగా ఆయన లోలోపల నిష్ఠూరపడుతున్నాడు. ఆ పేజీ తెరిచే ధైర్యం ఆయనకే లేకపోయింది.

"ఉన్నారా?" అంది భార్య.

"ఉన్నా. నువ్వు అన్నం కలుపుకో."

హెడ్‌మిస్ట్రెస్ స్క్రీన్ మీదికి వంగింది. "ఎవరో తెలిసిందా?"

"తెలిసింది మేడమ్."

ఎవరో మాత్రం ఆయన ఇంకా చెప్పలేదు. ఆపిన పేజీని ఇంకా తెరవలేదు.