పడవ పిచ్చి

మొదటి దెబ్బకి మార్వా పెదవి చిట్లింది. రెండో దెబ్బకి పన్ను కదిలింది.

"ఇంకోసారి అను," అన్నాడు ఆమె భర్త లొవెల్.

మార్వా ట్రక్కు తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. "అంటాను. పక్క వీధి క్లైడ్ చూడు, క్యాంపర్ వెనకాల గుర్రాల బండి కూడా తగిలించుకుని మోంటానా దాకా వెళ్లొస్తాడు. నీకు మన క్యాంపర్ వెనకాల ఒక్క పడవ లాగడం చేతకాదు. చేతకాదని ఒప్పుకో."

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె మొగుడికి ఎదురు చెప్పడం ఇదే మొదటిసారి. అదీ ఒక పడవ కోసం. లొవెల్‌కి కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువైంది. అందుకే మూడోది కాస్త మెల్లగా కొట్టాడు.

ఐడహోలో ఇల్లు ఖాళీ చేసి ఇద్దరూ వెళ్లిపోతున్నారు. నది దాటి, వాషింగ్టన్ రాష్ట్రంలో ఉత్తరపు కొండల మీద లొవెల్ అన్న వదిలేసి పోయిన చెక్క ఇల్లొకటి ఉంది. దానికి పక్కిల్లు పదహారు మైళ్ల దూరం. అక్కడ ఫోన్లు పనిచేయవు. మార్వా ఫోన్ అయితే ఇక ఎక్కడా పనిచేయదు. "వచ్చి నన్ను తీసుకుపో" అని చెల్లెలికి పెట్టిన మెసేజ్ లొవెల్ కంటబడింది, నిన్న ఫోన్‌ని సుత్తితో నలగ్గొట్టాడు.

"అక్కడ నువ్వెంత అరిచినా ఎలుగుబంట్లు తప్ప ఎవరూ రారు," అని రాత్రి జింక మాంసం నములుతూ చెప్పాడు. వేళాకోళానికి అనలేదు. ఆ కొండ ఎక్కితే తను ప్రాణాలతో దిగనని మార్వాకి అర్థమైంది. ఊళ్లో పోలీసుకి అంతకు ముందే రెండుసార్లు చెప్పుకుంది. ఆయన లొవెల్‌తో కలిసి వేటకెళ్లే మనిషి. రెండుసార్లూ వచ్చి, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

ప్రాణం మీదికొచ్చిన మనిషికి పడవ మీద యావ!

మొత్తానికి లొవెల్‌కి పౌరుషం వచ్చింది. పడవ ట్రైలర్‌ని తోసుకొచ్చి క్యాంపర్ వెనక కొక్కేనికి తగిలించాడు. గొలుసులు బిగించాడు. ముందు ట్రక్కు, దానికి తగిలించి లాగే చక్రాల ఇల్లులాంటి క్యాంపర్ ట్రైలర్, ఆ వెనక ఇంకో ట్రైలర్ మీద పడవ.

"చేతకాదన్నావుగా, ఇప్పుడు చూడు," అంటూ జుట్టు పట్టి ఆమెని సీట్లోకి తోశాడు.

కొండదారి దిగుతుంటే పడవ ఊగడం మొదలుపెట్టింది. అద్దాల్లో క్యాంపర్ గోడలు తప్ప ఏమీ కనబడవు. కుదుపు మాత్రం సీటు దాకా తెలుస్తోంది. రెండుసార్లు ట్రక్కు లోయ వైపు జరిగింది. లొవెల్ బూతులు తిట్టుకుంటూ ఒక మలుపులో ఆపేశాడు.

"దాన్ని ఇక్కడే వదిలేస్తున్నా. నీ మాట విని ఛస్తానా?"

అతను వెనక్కి వెళ్లి గొలుసులు విప్పుతుండగానే మార్వా పరిగెత్తుకొచ్చింది. ట్రైలర్ ఇనుప కమ్మీ మీద కూర్చుని రెండు చేతులతో దాన్ని వాటేసుకుంది.

"లే."

"లేవను."

బూటుకాలితో డొక్కలో తన్నాడు. ఆమె వదల్లేదు. మళ్లీ తన్నాడు. లోపల ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. వేళ్ల మీద తొక్కాడు.

"పడవ వస్తేనే నేనొస్తా," అంది ఊపిరాడక. "లేదంటే ఇక్కడే చంపెయ్."

చంపేవాడేమో. ఇంతలో మలుపు వెనక నుంచి దుంగల లారీ హారన్ వినిపించింది. ఆ లారీ మలుపు తిరిగిందంటే వచ్చి నేరుగా గుద్దుతుంది. లొవెల్ గొలుసులు మళ్లీ తగిలించి, ఆమెని ఈడ్చుకెళ్లి లోపల పడేసి, బండి కదిలించాడు.

"ఇన్నేళ్లలో నా మీద లేని ప్రేమ ఆ రేకు డొక్కు మీద ఉందే నీకు!" అన్నాడు కాసేపటికి. నిజంగానే నవ్వొచ్చింది అతనికి. "దాన్నే కట్టుకోవాల్సింది."

మార్వాకి ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలో కత్తి దిగినట్టుంది.

లూయిస్టన్ ఊరు దాటి స్నేక్ నది వంతెన ఎక్కారు. అవతలి గట్టు వాషింగ్టన్ రాష్ట్రం. ఎండలో నీళ్లు మెరుస్తున్నాయి. వంతెన దిగి అర మైలు పోయారో లేదో వెనక పోలీసు కారు లైటు వెలిగింది.

"స్పీడుగా కూడా పోవట్లేదే!" లొవెల్ బండి పక్కకి తీశాడు. ఆమె నలిగిన వేళ్లు పట్టుకుని గట్టిగా నొక్కాడు. "మొహం తుడుచుకో. పడవ కడుతుంటే జారి పడ్డానని చెప్పు. ఇంకొక్క మాట ఎక్కువ మాట్లాడావో, కొండ ఎక్కేదాకా కూడా ఆగను."

ఇద్దరు పోలీసులు దిగారు. మీసాలాయన బండి పొడుగంతా చూసుకుంటూ వచ్చి కిటికీ దగ్గర ఆగాడు.

"సార్, ఇక్కడ ఒక ట్రక్కుకి ఒకటే ట్రైలర్. ఇలా రెండు లాగితే మేం ఆపాల్సిందే."

"మా వైపు అందరూ లాగుతారు! ఎవడూ ఏమీ అనడు!"

"అది నదికి అవతల, ఐడహోలో సార్. దిగి కాయితాలు పట్టుకురండి."

లొవెల్ గొణుక్కుంటూ దిగాడు. రెండో పోలీసు అతన్ని పడవ దాకా వెనక్కి తీసుకెళ్లాడు.

"మీ ఇద్దరిలో ఒక్కరికీ ఈ సంగతి తెలీదా మేడమ్?" అంటూ మీసాలాయన లోపలికి వంగాడు. ఆమె మొహం చూసి ఉన్నచోటే ఆగిపోయాడు.

మార్వా నోట్లోని రక్తం మింగి, తలుపు తెరిచింది.

"నాకు తెలుసండీ, ఆ పడవ ఈ వంతెన దాటాలనే దారంతా తన్నులు తిన్నాను."