ప్రచారం బండిలో గొంతు

ఆర్యాపురం సందు మలుపులో చిట్టియ్య ఆటో వేగం తగ్గించాడు. తగ్గించకపోతే ఆ మూడో ఇంట్లో పిల్ల అన్నం తినదు.

ఆటో మీద కట్టిన మైకు బూర సందంతా మోగిపోతోంది.

"కళాభిమానులారా! మన కళామందిరంలో డిసెంబరు ఇరవై ఒకటిన సాంఘిక నాటకం. ఇరవై రెండున సంగీత విభావరి. ఇరవై మూడున మిమిక్రీ, మ్యాజిక్. ఇరవై నాలుగు సాయంత్రం ఆరున్నరకు క్రిస్మస్ పాటల కచేరి. రండి... తరలి రండి!"

ఆ 'రండి' దగ్గర చిన్న సాగతీత. రాజమండ్రి జనానికి అది ఇరవై ఏళ్ల అలవాటు. అనౌన్సర్ జోగేశ్వరరావు ముద్ర అది.

ఆ క్యాసెట్టు తయారైన మూడోనాడే జోగేశ్వరరావు గుండె ఆగిపోయింది.

నాలుగేళ్ల పాపాయి పరుగెత్తుకొచ్చి ఆటో వెనక సీట్లోకి తొంగిచూసింది. బ్యాటరీ, ఆంప్లిఫయరు, టేప్ రికార్డరు. నాన్న లేడు. రోజూ చూస్తుంది. రోజూ ఉండడు.

తలుపు చాటు నుంచి వెంకటదుర్గ పిలిచింది. భర్త పోయి నెల తిరగలేదు, ఆమె గడప దాటకూడదు.

"అన్నయ్యా, కచేరీలన్నీ అయిపోయాక ఆ క్యాసెట్టు నాకిప్పించు. బూరలో సగం ఇనుము మోతే వినిపిస్తోంది. తలుపులేసుకుని, చిన్నగా పెట్టుకుని, ఆయన గొంతు ఆయన గొంతులా వినాలి నేను. ఒక్కసారి."

చిట్టియ్య తల ఊపాడు. పన్నెండేళ్లు ఆయన పక్కన బండి నడిపినవాడు. ఆయన పోయినప్పటి నుంచీ ఈ ఇంటి ముందు అతనికి నోరు పెగలడం లేదు. ఆమె ఏదడిగినా తల ఊపడమే.

మర్నాడు సందు తప్పించి దానవాయిపేట మీదుగా పోయాడు. ఆ మర్నాడు వెళితే, నిన్న పాపాయి కంచం ముందు కూర్చుని కూర్చుని అలాగే నిద్రపోయిందని చెప్పింది వెంకటదుర్గ. నిష్ఠూరమాడలేదు. అందుకే అతనికి మరీ కష్టంగా తోచింది. ఇక సందు తప్పించలేదు.

కంబాలచెరువు దగ్గర టీ తాగుదామని ఆగితే జనం చుట్టూ చేరేవారు. "పోయి కూడా పిలుస్తున్నాడయ్యా మహానుభావుడు," అన్నాడొక పెద్దాయన తువ్వాలుతో కళ్లొత్తుకుంటూ. చిట్టియ్య సగం టీ పారబోసి బండి స్టార్ట్ చేశాడు.

ఆ సాయంత్రమే కళామందిరం సెక్రటరీ వెంకటరత్నం దగ్గరికి వెళ్లాడు.

"ఇంకెవరిచేతైనా కొత్తగా చెప్పిద్దామండి. దీన్ని చెరిపేద్దాం."

వెంకటరత్నం కళ్లజోడు తీశాడు. "మతుండే మాట్లాడుతున్నావా? నాటకానికి టిక్కెట్లు అయిపోయాయి. కచేరికి కుర్చీలు అద్దెకి తెప్పిస్తున్నా. ఆయన గొంతు విని వస్తున్నారయ్యా జనం."

"ఇంట్లోవాళ్లు తట్టుకోలేకపోతున్నారండి."

"వాళ్లడిగారా ఆపమని?"

చిట్టియ్య తల దించుకున్నాడు. వాళ్లడిగింది ఆపమని కాదు. ఆవిడ క్యాసెట్టు అడిగిన సంగతి వెంకటరత్నం అతని చేత చెప్పించుకున్నాడు. మామూలుగా అయితే ప్రోగ్రాం అయిపోగానే పాతది చెరిపి, అదే క్యాసెట్టు మీద కొత్త ప్రకటన ఎక్కిస్తారు. ఇన్నేళ్లూ అదే పద్ధతి. అందుకే జోగేశ్వరరావు ఇన్ని వేల ప్రకటనలు చెప్పినా ఇంట్లో ఒక్క ముక్క మిగల్లేదు.

ఆ పద్ధతి మీదే ఆశ పెట్టుకున్నాడు చిట్టియ్య.

"ఇచ్చెయ్యి ఆవిడకి," అన్నాడు వెంకటరత్నం గొంతు సవరించుకుని. "జనవరి ఎగ్జిబిషన్‌కి కొత్త క్యాసెట్టు నేనే కొంటాను."

ఆ మంచితనానికి చిట్టియ్య దండం పెట్టి బయటికొచ్చాడు.

ఇరవై నాలుగున కచేరి అయింది. హాలు నిండిపోయి వరండాలో నిలబడి విన్నారు జనం. చిట్టియ్య లోపలికి వెళ్లలేదు. మర్నాడు పొద్దున్న క్యాసెట్టు జేబులో పెట్టుకుని గోదావరి గట్టున చాలాసేపు నిలబడ్డాడు. రెండుసార్లు చెయ్యెత్తాడు. నీళ్లలో పడిపోయిందని చెబితే ఆమె నమ్ముతుంది. కానీ ఇంక బండీ రాదు, నాన్న గొంతూ వినపడదని పాపాయికి చెప్పడం ఎలాగో తెలియలేదు. చెయ్యి దించాడు.

వెంకటదుర్గ రెండు చేతులూ చాచి క్యాసెట్టు అందుకుంది. కళ్లకద్దుకుంది. పక్కింటి వాళ్లనడిగి టేప్ రికార్డరు తెప్పించి పెట్టుకుంది అప్పటికే. పాపాయిని ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"ఇది రికార్డింగ్ చేసి ఇంటికొచ్చాక ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు అన్నయ్యా. గొంతు చూపించి, లేదని చెయ్యి ఊపారు. పోయేదాకా అంతే. ఉన్న గొంతంతా దీంట్లో పోసేశారు."

చిట్టియ్య గుమ్మం వైపు తిరిగాడు. వెళతానని సైగ చేశాడు.

"కూర్చో. పక్కనే ఉన్నావుగా ఆ రోజు. నువ్వూ విను."

లేచి వీధి తలుపు వేసింది. కిటికీ మూసింది. బయటి చప్పుడంతా ఆగిపోయింది. సౌండు బాగా తగ్గించి, పిల్ల వేలు పట్టుకుని బటన్ మీద పెట్టింది.

"నొక్కు తల్లీ. నాన్న మాట్లాడతారు."

పాపాయి నొక్కింది.

డిసెంబరు మూడున గొంతు పూర్తిగా పడిపోయిన జోగేశ్వరరావు కాగితం చేతికిచ్చి సైగ చేస్తే, అంతకుముందు ప్రోగ్రాముకి ఆయన నోటితో చెప్పిన ఆఖరి ప్రకటనను చెరిపేస్తూ, ఆయనలాగే సాగదీస్తూ ఆ క్యాసెట్టులో మాట్లాడినవాడు చిట్టియ్య.