ఒక్కటే తాళంచెవి

“తాళం నువ్వు తీస్తావా, మా తాళం మేం వేసుకోమంటావా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డుమ్మాకి పరుగెత్తి వచ్చిన రొప్పు ఇంకా తీరలేదు. బడి అంటే పాత టైర్ల గోడౌను. దాని తలుపు మూసే ఉంది. పిల్లలంతా గోడ వెంబడి నిలబడ్డారు. మాస్టారు ఎప్పటిలాగే మెట్టు మీద ఉన్నారు. ఇన్‌స్పెక్టరు పక్కన బంట్రోతు, అతని చేతిలో అట్టపెట్టె కూడా విప్పని కొత్త తాళం, సీలు వేసే లక్క.

“ఉన్న ఒక్క తాళంచెవీ ఈ పిల్ల చేతికిచ్చారా! నీ పేరేమిటమ్మా?”

“డుమ్మా సార్,” అని గోడ దగ్గరనుంచి ఎవరో అందించారు. “పాత బడిలో పెట్టిన పేరు సార్. ఇప్పుడు కొట్టట్లేదు.”

ఇన్‌స్పెక్టరు మాస్టారి వైపు తిరిగాడు. “డుమ్మాలు కొట్టే పిల్లకి బడి తాళంచెవి ఇచ్చారా? మీకు మతిగానీ పోయిందా?”

“డుమ్మాలు కొడుతోందనే ఇచ్చానండీ,” అన్నారు మాస్టారు. “నువ్వు రాకపోతే బడి తెరుచుకోదమ్మా అని చెప్పి ఇచ్చాను. అప్పట్నుంచీ మానలేదు.”

“మరి ఇవాళో?”

డుమ్మా మెడ తడుముకుంది. తాళంచెవి కట్టుకున్న తాడు ముక్క ఒక్కటే చేతికి తగిలింది. బస్సు తోపులాటలో ఎక్కడో తెగిపోయింది. సీట్ల కిందంతా పాకి వెతికింది, కండక్టరు చేత తిట్లు తింది. అలాగే చివరి స్టాపుదాకా పోయి సాయంత్రందాకా కూర్చోవడం ఆమెకి తెలియని పనేం కాదు. పాత బడికి అలాగే వెళ్ళేది. ఇవాళ కూడా మనసు అటే లాగింది. ఏం తోచిందో, దిగి పరుగెత్తింది.

“పోయింది మాస్టారూ,” అంది.

గోడ వెంబడి పిల్లలంతా మాస్టారి వైపు చూశారు.

“అదీ సంగతి!” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “పేరుకే బడి, తలుపు తీసే దిక్కే లేదని అర్జీ వచ్చింది. నేను నమ్మలేదు. ఇప్పుడు కళ్ళారా చూస్తున్నా.”

“పిల్లలున్నారు కదండీ,” అన్నారు మాస్టారు.

“సంతలోనూ ఉంటారు పిల్లలు. తలుపు తీసి లోపల కూర్చుంటే బడి. బయట నిలబడితే గుంపు. ఏ బడీ ఉంచుకోని పిల్లల్ని పోగేసుకొచ్చి, తాళాలతో ఆటలాడిస్తారా?” బంట్రోతుకి సైగ చేశాడు. “కానియ్యవయ్యా.”

బంట్రోతు అట్టపెట్టె చింపాడు.

“సార్, సార్! వద్దు సార్!” డుమ్మా అడ్డం వెళ్ళింది. “తప్పు నాది సార్. రాయి తెస్తా, పగలగొట్టేద్దాం. వీళ్ళనింక ఏ బడీ రానియ్యదు సార్!”

“నిన్నో?”

డుమ్మాకి ఏడుపు ముంచుకొచ్చింది. “నన్నూ అంతే సార్.”

అప్పుడు మాస్టారు మెట్టు దిగారు. “పోయిందని తెలిసి కూడా వచ్చావా అమ్మాయ్?”

“మరి మీరు మెట్టు మీద చూస్తూ ఉంటారు కదా. చెప్పాలి కదా మాస్టారూ.”

ఆయన తల ఊపారు. పెదవి చివర నవ్వులాంటిదేదో మెదిలింది. డుమ్మాకి ఒళ్ళు మండింది. కొంప మునుగుతుంటే నవ్వేమిటి ఈయనకి?

మాస్టారు గోడ వైపు తిరిగారు. “ఇంకా చూస్తారేం? తీయాల్సినవాళ్ళు తీయండి.”

ఎవరు తీయాలి? దేంతో తీయాలి? డుమ్మా తిరిగి చూసేలోపే గోడ వెంబడి ఉన్న గుంపంతా ఒక్కసారిగా కదిలింది. పిలిస్తే కూడా తొందరగా పలకడని నత్త అని పేరుపడ్డవాడు అందరికంటే ముందు దూకాడు. ఎవరితోనూ మాట్లాడని మూగనోము జడ రిబ్బను లాగుతూ ఉరికింది. పేచీకోరు మోచేత్తో అందర్నీ నెట్టుకుంటూ వచ్చాడు. తలుపు దగ్గర తలలు టకటకా కొట్టుకున్నాయి. అందరి చేతులూ ఒకే తాళం మీద పడ్డాయి.

పడినవి పడినట్టే ఆగిపోయాయి.

ప్రతి చేతిలోనూ ఒక తాళంచెవి ఉంది.

“నీకెక్కడిదిరా అది?” అన్నాడు పేచీకోరు.

“మాస్టారిచ్చారు,” అన్నాడు నత్త తెల్లబోయి. “డుమ్మా అక్క రాని రోజు నేనే తీయాలన్నారు. రెండోది నాకొక్కడికేనన్నారు. తను చెప్పేదాకా బయటికి తీయొద్దన్నారు.”

“అబద్ధం! రెండోది నాది!”

“నాది!” అంది మూగనోము. ఆ పిల్ల గొంతెలా ఉంటుందో డుమ్మా వినడం అదే మొదలు.

డుమ్మా ఖాళీ గోడ వైపు చూసింది. తను ఎంత పెందలాడే వచ్చినా వీళ్ళంతా ఈ గోడకి అతుక్కుని ఎందుకుండేవాళ్ళో ఇప్పుడు తెలిసింది. తనని చూసి వాళ్ళ మొహాలెందుకు చిన్నబోయేవో కూడా తెలిసింది.

“ఒక్కటేనన్నారు కదా మాస్టారూ!” అంది.

మాస్టారు నత్తకి తలుపు చూపించారు. నత్త తాళంచెవి తిప్పాడు. తలుపు కిర్రుమని తెరుచుకుంది. బంట్రోతు కొత్త తాళాన్ని మెల్లగా చింపిన పెట్టెలోకి తోశాడు.

ఇన్‌స్పెక్టరు మొహం కందిపోయింది. “ఇంతమందికి ఇన్ని అబద్ధాలా! నన్నింతసేపు ఎండలో నిలబెట్టారు కదండీ! మీ దగ్గరున్న తాళంచెవితో ముందే తీసేస్తే పోయేది కదా!”

మాస్టారు రెండు జేబులూ బయటికి లాగి చూపించారు. ఒక సుద్దముక్క, ఒక తుప్పు పట్టిన మరమేకు కింద పడ్డాయి.

“నా దగ్గర ఎప్పుడూ లేదండీ. వీళ్ళలో ఒక్కరైనా వచ్చి తీయకపోతే, నేనూ బయటే.”