పెయింటు బకెట్లలో టమాటాలు

డాబా మీద నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. 

ఉప్పలయ్య తూము దగ్గర గొంతుక్కూర్చుని, అడ్డం పడిన ఆకుల్నీ కవర్లనీ లాగి పారేశాడు. నీళ్లు గుడగుడమంటూ కాస్త దిగాయి. అంతలోనే వాన మళ్లీ నింపింది. దసరా వెళ్లాక ఇంత ముసురేమిటో! నాచారం మీద కూర్చున్న మబ్బు ఉప్పల్ దాకా కూడా కదలనంటోంది.

గోడవార పెయింటు బకెట్లలో టమాటా మొక్కలు వణుకుతున్నాయి. వాటి కింద ఇటుకలు పెట్టాడు. పొద్దున్నే చువ్వ కాల్చి, నీళ్లు పోవడానికి అడుగంటా బొక్కలు పొడిచాడు. మట్టి మీద నిలిచిన నీళ్లను చిప్పతో తోడాడు. పైన టార్పాలిన్ కట్టాడు. అది గాలికి ఎగిరెగిరి పడుతోంది.

ప్రతి మొక్కకూ ఎర్రటి కాయలు. ఒక్క కాయ రాలినా పరువు రాలినట్టే.

తప్పంతా ఆయన నోటిది.

వీధి చివరి చాయ్ హోటల్లో అప్పట్లో అందరూ తెలంగాణ రాష్ట్రం వస్తుందా రాదా అని కొట్టుకునేవాళ్లు. ఉప్పలయ్య వస్తే ఆ గొడవ ఆగిపోయేది. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో కాసిన సొరకాయ ఎంత పెద్దదంటే, దాన్ని తొలిచి, లోపల కూర్చుని వాగు దాటాడట! పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయనకు మిగిలిన కొలువు ఆ కథలొక్కటే. నవ్వేవాళ్లు నవ్వుకునేవాళ్లు. టమాటాల కథ దగ్గర మాత్రం పక్కింటి చిదంబరం పట్టుకున్నాడు.

చిదంబరం గోదావరి మనిషి. కంపెనీలో అకౌంట్లు చూస్తాడు. లెక్క తేలందే నిద్రపోడు.

"పెయింటు బకెట్లో బుట్టెడు టమాటాలా? ఏమండీ ఉప్పలయ్యగారూ, మా లంక భూముల్లోనే ఈ వానలకి పూత నిలవట్లేదు!"

"మీ లంకల మట్టి మంచిదే సారూ. గానీ నా చెయ్యి ఏడికెళ్లి తెస్తరు?"

"అయితే చూపించండి. మా బావమరిది విజయభాస్కర్ విత్తనాల కంపెనీలో చేస్తాడు. ఆదివారం వస్తున్నాడు."

హోటలంతా గొల్లుమంది. ఉప్పలయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"రమ్మను! చెట్టుకు కాయ కనవడకుంటే ఇగ ఈ నోటెంట ముచ్చటే రాదు. చాయ్ తాగి సప్పుడు జేయక ఇంటికి పోత!"

ఇవాళే ఆ ఆదివారం.

"బకెట్లు మెట్లగదిలకు జరుపుదాం పా," అంది భార్య శారదమ్మ, కొంగు నెత్తిన కప్పుకుని పైకి వచ్చి.

"ముట్టకు! కదిపితే కాయ రాల్తది."

"రాల్తే పప్పుల ఏస్త. నీకు జెరమొస్తే దవాఖానా సుట్టు తిరిగేది నేనే గదా!"

"జర దండం పెడత, నువ్వు కిందికి పో."

గేటు చప్పుడైంది. గొడుగు కింద చిదంబరం, వెనకాల ప్యాంటు మడుచుకున్న విజయభాస్కర్. వీధి చెరువైనా సరే, ఈదుకుంటూ వచ్చారు మహానుభావులు!

ఉప్పలయ్య తడిబట్టలతోనే పరుగున దిగి కుర్చీలు వేశాడు.

"సారు మొదటిసారి వచ్చిండు. చాయ్ తాగినంకనే పైకి."

చాయ్ వచ్చేలోగా సొరకాయ కథ ఎత్తుకున్నాడు. వాన ఇంకా ముదిరితే మళ్లొస్తామని లేచిపోతారేమోనని ఆశ.

పైన టార్పాలిన్ ఫటఫటా కొట్టుకుంది.

"తాడు తెగినట్టుందండీ. నేను చూస్తానుండండి," అంటూ చిదంబరం లేచాడు.

"మీరెందుకు సారూ! కూసోండ్రి! నే పోత!"

అప్పటికే చిదంబరం మెట్లెక్కేశాడు.

సొరకాయ వాగు మధ్యలో ఆగిపోయింది. ఉప్పలయ్య చెవులు డాబా మీదికి పోయాయి. నీళ్లలో అడుగుల చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. చాలాసేపు లేదు. లేద్దామంటే, "తర్వాతేమైందండీ?" అంటూ విజయభాస్కర్ వదలడు.

చివరికి పైనుంచి చిదంబరం బావమరిదికి కేక వేశాడు. "రావయ్యా, వచ్చి చూడు!"

ఉప్పలయ్య ఒక్కో మెట్టూ కొండలా ఎక్కాడు.

విజయభాస్కర్ వానలో తడవకుండా మెట్లగది గుమ్మంలోనే ఆగి మెడ చాచాడు. తడిసిన కొమ్మలకు కాయలు ఎర్రగా మెరుస్తున్నాయి.

"అబ్బ! ఇంత వానకి ఒక్కటీ రాలలేదే! ఏం విత్తనమండీ?"

ఉప్పలయ్య కాయలు లెక్కపెట్టుకుంటూ కథ అల్లడం మరిచిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

"వాళ్ల ఊరి నాటు రకంట," చిదంబరమే అందుకున్నాడు. "ఓడిపోయానని రేపు హోటల్లో నేనే చెప్తాలే. నువ్వు పద, జలుబు చేస్తుంది."

విజయభాస్కర్ సెల్‌ఫోన్లో ఫొటో తీసుకుని కిందికి దిగాడు. చిదంబరం తడిచేతులు తుడుచుకుంటూ ఉప్పలయ్య చెవి దగ్గరికి వంగాడు.

"మీరు కొమ్మలకి కట్టిన టమాటాల్లో నాలుగింటికి దారం నాని ఊడిపోయిందండీ, మావాడు పైకి వచ్చేలోపే గట్టిగా మళ్లీ ముడేశాను."