ఉస్తాద్‌గారికి పాత సిస్టమే కావాలి

“ఇందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది ఉస్తాద్‌గారూ. సరేనా?” అంటూ వగ్దీ ల్యాప్‌టాప్‌ను ఆయన వైపు తిప్పాడు.

తెర మీద కూడా అదే ప్రశ్న. ఉస్తాద్ రిఫ్అత్ కళ్లజోడు సవరించుకుని చదివారు. “కానియ్ నాయనా.”

వగ్దీ మీట నొక్కాడు.

పుస్తకమంత ల్యాప్‌టాప్ అది. కొత్తది. ఉస్తాద్‌గారికేమో ఏనాటిదో పాత సిస్టం కావాలి. అది దీని మీద నడవదని తయారుచేసినవాళ్లే చెప్పేశారు. బజార్లో చూపించిన ప్రతి మెకానిక్కూ దండం పెట్టి తిప్పి పంపాడు. వగ్దీ ఒక్కడే “నాకొదిలెయ్” అన్నాడు.

అన్నది ఉస్తాద్‌గారి ఒక్కగానొక్క కూతురు షహీరాతో. ఆమె ఇబ్రహీమియా పేటలో ఒక మందుల షాపులో పనిచేస్తుంది. ఆ షాపు కంప్యూటర్లు బాగుచెయ్యడానికి వెళ్లే వగ్దీ, ఏడాదిగా బాగున్నవాటిని కూడా బాగుచేస్తున్నాడు.

“పాత సిస్టమే ఎందుకని మాత్రం నాన్నని అడక్కు, చిన్నబుచ్చుకుంటారు” అని షహీరా ముందే హెచ్చరించింది. “ఆ పని చేస్తూనే మన సంగతి కదుపు. మొహంలోకి చూసి గట్టిగా మాట్లాడు. గొణిగేవాళ్లంటే ఆయనకి చిరాకు. ఈ ఆదివారం దాటనిచ్చావో, టాంటా ఊరి నుంచి మా అత్త తన కొడుకుని సంబంధానికి వెంటబెట్టుకుని దిగుతుంది. తర్వాత నీ ఇష్టం.”

అందుకే శుక్రవారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బస్బూసా మిఠాయి పెట్టె పట్టుకుని ట్రామ్ దిగాడు. మెట్లెక్కి గంట నొక్కబోతుండగానే తలుపు తెరుచుకుంది. “బాల్కనీలోంచి చూశాను, రా రా” అన్నారు ఉస్తాద్. రేడియోలో శబ్దం సరిచేసే ఉద్యోగంలో తల నెరిసిన మనిషి. ఆయన చెవిని దాటి ఒక్క అపస్వరం గాల్లోకి వెళ్లలేదని అలెగ్జాండ్రియాలో పేరు. అలాంటాయన తన కోసం ఎదురుచూశారంటే సగం పెళ్లి అయినట్టేననుకున్నాడు వగ్దీ.

తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా పాకుతోంది. వగ్దీకి యంత్రాల దగ్గర బెరుకు లేదు. కాబోయే మామగారి మొహంలోకి చూడటమే చేతకాలేదు. కళ్లు తెరకే అతికించి మొదలుపెట్టాడు.

“ఉస్తాద్‌గారూ, దాపరికం ఎందుకు, షహీరా నేనూ ఒకరినొకరం ఇష్టపడ్డాం.”

ఉస్తాద్ టీ గ్లాసు కింద పెట్టారు. తర్వాత ముచ్చటగా అన్నారు: “బాగానే నడుస్తోందే!”

“ఏడాదిగా నడుస్తోందండీ” అన్నాడు వగ్దీ, చెవులు ఎర్రబడుతుండగా. ధైర్యం వచ్చింది. “ఇంకోటి కూడా చెప్పెయ్యాలి. నాకు ఇదివరకు ఒకసారి నిశ్చితార్థం అయి తప్పిపోయింది.”

ఉస్తాద్ ముందుకు వంగారు. “పాతవన్నీ పూర్తిగా చెరిగిపోయినట్టేనా?”

“పూర్తిగా!”

“మళ్లీ ఎక్కడా పైకి తేలవు కదా?”

“ఒట్టండీ!” అంటూ వగ్దీ గట్టిగా తలూపాడు.

ఉస్తాద్ తృప్తిగా తలాడించి టీ గ్లాసు అందుకున్నారు.

“ఇల్లంటారా, చూసిపెట్టాను. రెండే గదులు” అన్నాడు వగ్దీ.

“చిన్నదైతేనేం, మన పని జరిగితే చాలదూ?”

ఇంత మంచి మనిషికి తాను ఇన్నాళ్లూ ఎందుకు భయపడ్డాడో వగ్దీకి అర్థం కాలేదు. మిగిలిన ఒక్క ముల్లూ పీకేద్దామనుకున్నాడు. “మా అమ్మ మాతోనే ఉంటుంది. కొంచెం కోపిష్టిది.”

సరిగ్గా అప్పుడే తెర నీలంగా మారి పని ఆగిపోయింది. ఉస్తాద్ మొహం వాడిపోయింది.

“అయితే ఇక కుదరదంటావా?”

“అంత మాటనకండి, కుదురుతుంది!” వగ్దీ గబగబా లోపలి సెట్టింగు ఒకటి మార్చి మళ్లీ మొదటి నుంచి నడిపించాడు.

“మహా మొండి ఘటంలా ఉంది” అన్నారు ఉస్తాద్ దిగులుగా.

అమ్మ సంగతి షహీరా అప్పుడే చేరవేసిందన్నమాట. “దారికి తెస్తానండీ. ఆ పూచీ నాది.”

ఈసారి ఆకుపచ్చ గీత చివరంటా పాకింది. తెర ఒక్క క్షణం నల్లబడి, ఆ పాత సిస్టం దర్జాగా వచ్చి కూర్చుంది. ఉస్తాద్ కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి వగ్దీని కావలించుకుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టారు.

“ఇవాళ్టి నుంచి నువ్వు నా కొడుకువి!”

సొరుగులోంచి ఒక చిన్న డబ్బా, ఒక వైరు తీసుకుని, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, “ఒక్క నిమిషం కూర్చో” అంటూ ఆయన లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

అప్పుడే వీధి తలుపు తాళం తీసుకుని షహీరా లోపలికొచ్చింది. వగ్దీ ఆగలేకపోయాడు.

“ఒప్పుకున్నారు!”

ఆమె చేతిలోని సంచీ జారి కింద పడింది. “నిజంగా? నాన్న నోటితోనే అన్నారా?”

“కొడుకువన్నారు! నిశ్చితార్థం సంగతి చెప్తే మరిచిపొమ్మన్నారు. ఇల్లు చిన్నదన్నా పర్లేదన్నారు. మా అమ్మని మాత్రం దారికి తెచ్చుకోమన్నారు.”

షహీరా నవ్వింది, కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది. “ఆయన మొహంలోకి చూసే చెప్పావా ఇవన్నీ?”

“అంత ధైర్యం ఎక్కడిది? తెర వంక చూస్తూ చెప్పాను.”

షహీరా నవ్వు ఆగిపోయింది.

లోపలి గది తలుపు తెరుచుకుంది. ఉస్తాద్ గుమ్మంలో నిలబడి, తల కాస్త పక్కకి వంచి, కింద వెళ్తున్న ట్రామ్ గంటను చిన్నపిల్లాడిలా ఆలకించి, వగ్దీ వైపు తిరిగారు.

“ఆ పాత సిస్టంతో సరిచేసుకున్నాక చెవి మిషను మళ్లీ పలికింది, ఇప్పుడు చెప్పు నాయనా, పొద్దుటి నుంచీ ఏదో అంటున్నావు?”