అడగడం లేదు, చెప్తున్నాను

"నేను నైరోబీ వెళ్తున్నాను," అంది రిస్పా, మొగుడి ముందు మొక్కజొన్నపిండి ఉగాలి పళ్ళెం పెడుతూ. "అడగడం లేదు. చెప్తున్నాను."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "ఎవరితో?"

"యూనియాతో."

ఆయన చేయి కడుక్కుని విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. రిస్పా ఆ పళ్ళెం తన ముందుకు లాక్కుని, చేపతో సహా మొత్తం తినేసింది.

అరటిచెట్ల అవతల యూనియా ఇంట్లోనూ ఆ పూట ఇదే గొడవ. యూనియా మొగుడు గుమ్మంలోంచే మొదలుపెట్టాడు. "ఆ రిస్పాకి వయసొచ్చింది గాని బుద్ధి రాలేదు. దాని మాట విని నువ్వూ చెడిపోతున్నావు. రోడ్డు దాటడం వచ్చా నీకు?"

"నేర్చుకుంటాను," అంది యూనియా. నేలచూపులు చూసింది గాని మాట వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ చెరువు దగ్గర కలుసుకున్నారు.

"మీ ఇంట్లో ఏమైందే?" అడిగింది రిస్పా.

"అరిచాడక్కా. మీ ఇంట్లో?"

"మా ఇంట్లోనూ అదే పాట."

ఇద్దరూ బిందెలు కింద పెట్టి నవ్వుకున్నారు.

మొదట్లో వాళ్ళకి అసలు పడేది కాదు. యూనియా కొత్త పెళ్ళికూతురిగా ఆ ఊరు వచ్చినప్పుడు, రిస్పా ఆమె మొహం కూడా చూడలేదు. తర్వాత ఒక వానాకాలం యూనియా పసిబిడ్డకి జ్వరం ముదిరింది. రిస్పా ఒక్క మాటా మాట్లాడకుండా ఆ బిడ్డని వీపున కట్టుకుని, బురదలో పడుతూ లేస్తూ ఆసుపత్రికి చేర్చింది. బిడ్డ బతికింది. అప్పట్నుంచి ఒకళ్ళు లేకుండా ఇంకొకళ్ళు ఉప్పు కూడా కొనరు.

నైరోబీ కోరిక మాత్రం అంతకంటే పాతది. రిస్పా మొగుడు రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. క్రిస్మస్‌కి సూటు వేసుకుని ఇంటికొచ్చి కబుర్లు చెప్పేవాడు. అక్కడి మేడల్లో లిఫ్టు ఎక్కితే చెవులు గుయ్యిమంటాయని, ఊరి పక్కనే సింహాలు తిరుగుతాయని. "నన్నెప్పుడు తీసుకెళ్తావు?" అంటే "వచ్చే ఏడాది" అనేవాడు. యూనియా మొగుడూ రైల్వేలోనే చేశాడు. అతనిదీ వచ్చే ఏడాదే. ఆ ఏడాది రాకుండానే ఉద్యోగం అయిపోయింది, జుట్టు నెరిసిపోయింది.

ఇప్పుడు యూనియా చెల్లెలి కూతురు నైరోబీలో నర్సు. రమ్మని కబురు పెట్టింది. ఇంకేం కావాలి?

ఇద్దరూ గట్టిగానే తయారయ్యారు. సంతకెళ్ళినప్పుడల్లా లారీలు తిరిగే పెద్దరోడ్డు అటూ ఇటూ దాటడం నేర్చుకున్నారు. యూనియా నల్లటి బూట్లు కొనుక్కుని, మొక్కజొన్న చేలో వాటితో నడక మొదలుపెట్టింది.

చేపలమ్మే ఆవిడ ఉండబట్టలేక అడిగింది. "నైరోబీలో మీకోసం ఎవరు కాచుకుని కూర్చున్నారే?"

"నైరోబీయే," అంది రిస్పా.

"ఎక్కడా చూళ్ళేదమ్మా ఇలాంటి స్నేహం," అని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది.

రిస్పా మొగుడు చివరికి పెద్దమాటే అనేశాడు. "వెళ్తే మళ్ళీ ఈ గడప తొక్కొద్దు."

"ఈ గడపకి మట్టి తొక్కింది నేను. గోడలు మెత్తింది నేను," అంది రిస్పా. "నువ్వప్పుడు నైరోబీలో ఉన్నావు."

ప్రయాణం ముందురోజు సాయంత్రం ఆయన కడుపునొప్పని మంచమెక్కి మూలగడం మొదలుపెట్టాడు. రిస్పా కషాయం కాచి ఇచ్చింది. తెల్లవారాక గంజి కాచి మంచం పక్కన మూతపెట్టి, సంచి భుజానికి తగిలించుకుని బయల్దేరింది.

దారిలో కలిసిన యూనియా కాళ్ళు చూసి రిస్పా ఆగిపోయింది. పొలంలో వేసుకునే రబ్బరు బూట్లు, వాటినిండా ఎండిన బురద.

"కొత్తవి ఏమయ్యాయే?"

"దాచేశాడక్కా. ఎంత వెతికినా దొరకలేదు."

"నైరోబీకి వీటితోనా?"

"కాళ్ళు నావే కదా," అంది యూనియా. ఈసారి నేలచూపులు చూడలేదు.

ఉగుంజా సంత దగ్గర బస్సు దొరికింది. కిటికీ పక్కన సీట్లు. ఉడకబెట్టిన చిలగడదుంపల మూట ఒళ్ళో. డ్రైవరు ఇంజను ఆన్ చేశాడో లేదో, చేతికర్ర ఊపుకుంటూ ఓ ముసలాయన సంతలోంచి పరుగెత్తుకొచ్చి బస్సుకి అడ్డంగా నిలబడ్డాడు.

"కడుపునొప్పి తగ్గినట్టుంది," అంది రిస్పా.

"ఆపండి! నన్నడక్కుండా బస్సెక్కితే ఊరుకుంటానా? దింపండి!" ముసలాయన రొప్పుతూ బస్సుని కర్రతో కొట్టాడు.

కండక్టరు లోపలికి తొంగిచూసి, ఆయన కర్ర ఎటు చూపిస్తోందో గమనించి, వీళ్ళ దగ్గరికొచ్చాడు. "ఏమమ్మా, దిగుతారా?"

రిస్పా నోరు తెరిచేలోపు యూనియా అంది. "దిగం."

బస్సంతా వాళ్ళవైపు తిరిగింది.

"టికెట్టు కొన్నాం," అంది యూనియా, ఇంకాస్త గట్టిగా. "ఆయన్ని పక్కకి జరగమను. దెబ్బ తగుల్తుంది."

వెనక సీట్లలో ఎవరో చప్పట్లు కొట్టారు. డ్రైవరు హారన్ మోగించాడు. ముసలాయన అడుగులో అడుగు వేసుకుంటూ పక్కకి జరిగాడు. బస్సు కదిలింది.

మెట్టు మీద వేలాడుతున్న కండక్టరుకి ఆయన మొహం చూస్తే జాలేసింది. "బెంగపడకు పెద్దాయనా, వారంలో తిరిగొచ్చేస్తుంది. ఆవిడని జాగ్రత్తగా దింపే పూచీ నాది," అన్నాడు. "ఇంతకీ వీళ్ళిద్దర్లో మీ ఆవిడ ఎవరు?"

"ఇద్దరూ నా పెళ్ళాలేనయ్యా," అన్నాడు ముసలాయన.