మిల్లు మలుపులో చీకటి

వ్యాను డ్రైవరు బ్రేకు మీద దాదాపు లేచి నిలబడ్డాడు. వెనక సీట్లలోని మిల్లు ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి కేకలు పెట్టారు. బంపరుకు వెంట్రుకవాసి దూరంలో, సైకిలు మీద పసిదాన్ని కూర్చోబెట్టి నడిపించుకెళ్తున్న తల్లి కొయ్యబారిపోయి ఉంది.

“కళ్ళు నెత్తికెక్కాయా?” అంది ఆమె తేరుకుని.

“కళ్ళు ఉండాల్సిన చోటే ఉన్నాయమ్మా. వెలుతురే లేదు.”

మిల్లు మలుపు నుంచి వంతెన దాకా వీధిదీపాలదంతా ఒక వింత. పొద్దు వాలగానే వెలుగుతాయి, మిల్లు వదిలే లోపే ఆరిపోతాయి. కిందటి నెల ఇదే మలుపులో, ఆగి ఉన్న లారీ కనబడక, పాలు పోసే అతను బండితో సహా దాని కిందికి దూరిపోయాడు. ఇంటికి చేరాక ఆ రాత్రి డ్రైవరుకు ముద్ద దిగలేదు. సైకిలు మీంచి వేలాడుతున్న ఆ చిన్న కాళ్ళే కళ్ళముందు ఆడుతున్నాయి.

పొద్దున్నే అక్క ఇంటికి వెళ్ళి బావ మీద పడ్డాడు. ఆ దీపాలు చూసే లైన్‌మన్ బావే.

“నీకు జీతమిచ్చేది దీపాలు వెలిగించడానికా, ఆర్పడానికా?”

“రోజూ కొత్త ఫ్యూజు పెడుతూనే ఉన్నానురా బామ్మర్దీ. మర్నాడు చూస్తే ఉండదు.”

“ఎవడో దొంగవెధవ.”

“దొంగైతే తీగ కోసుకుపోతాడు. ఆ పింగాణీ ముక్కతో వాడేం చేసుకుంటాడు?” బావ గొంతు తగ్గించాడు. “ఆ పెట్టె ఉన్నది కోతి పోయిన స్తంభానికిరా.”

కోతి అంటే పనిలో బావ జోడీ. అంత బారు స్తంభాన్నీ నిచ్చెన లేకుండా ఎగబాకేవాడని బావే ఆ పేరు పెట్టాడు. ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాకే పైకెక్కడం వాళ్ళిద్దరి పద్ధతి. జేబులో ఉంటే ఇంకెవరూ కరెంటు ఇవ్వలేరు కదా! ఆ సాయంత్రం మాత్రం, ఒక్క బల్బే కదా అనుకుని కబుర్లలో పడి ఇద్దరూ ఆ సంగతే మరిచారు. కోతి పైన ఉండగానే పొద్దు వాలింది, రోజూలాగే తీగల్లోకి కరెంటు దానంతటదే వచ్చేసింది. అప్పటినుంచి బావ నవ్వగా చూసినవాళ్ళు లేరు. దీపాలు ఆర్పేది కోతి దయ్యమేనని మిల్లు ఆడవాళ్ళు తేల్చేశారు.

“దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఇవాళ మిల్లు వదిలేలోపు కాపలా కాస్తా. నువ్వూ రా బావా.”

“పొద్దువాలాక అక్కడ నిలబడటం నావల్ల కాదురా.” “నన్ను పిలవకు.”

చేసేదిలేక డ్రైవరు ఒక్కడే వెళ్ళి, ఫ్యూజు పెట్టె కనబడేలా వ్యాను గోడ పక్కన ఆపి కూర్చున్నాడు. చూస్తుండగానే దీపాలన్నీ వెలిగాయి. గుంటలు, రోడ్డు అంచు, దాటబోతున్న ముసలాయన, అన్నీ స్పష్టంగా కనబడ్డాయి. ఈ మాత్రం వెలుతురు రోజూ ఉంటే ఎంతమంది బతికిపోతారో అనుకున్నాడు. కడుపు నిండినట్టయింది.

అంతలో స్తంభం వెనక ఏదో కదిలింది. పెట్టె తలుపు కిర్రుమంది. రోడ్డంతా ఒక్కసారిగా చీకటైపోయింది. మలుపులో ఏదో బండి బ్రేకు కీచుమంది, ఎవరో బూతులు తిట్టారు.

డ్రైవరు దయ్యాల్లేవని పొద్దున అన్నంత తేలిగ్గా ఇప్పుడు అనలేకపోయాడు. అయినా ఆ పసిదాని కాళ్ళు గుర్తొచ్చి పరుగెత్తాడు. తడుముకుంటూ వెళ్ళి ఒక చేతిని ఒడిసి పట్టుకున్నాడు. అది వెచ్చగా ఉంది.

“దొరికావురా దొంగా!” అని టార్చి ముఖం మీద వేశాడు.

“బావా! నువ్వా!”

బావ అతనికేసి చూడనే లేదు. ఫ్యూజును జేబులో భద్రంగా వేసుకుని, ఖాళీ స్తంభం మీదికి తలెత్తి, లాలనగా పిలిచాడు.

“ఇంక దిగరా కోతీ, కరెంటు తీసేశాను.”